షుగర్ ఉన్న పిల్లికి జబ్బు ముదిరితే: గోదావరి డెల్టా ఇళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

"పిల్లికి షుగరేమిటండీ!" అని నవ్వేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు. నవ్వనివ్వండి. షుగర్ విషయంలో గోదావరి జిల్లాల వాళ్లకు ఒకరు పాఠం చెప్పాల్సిన పని లేదు. ఏ వీధిలో అడిగినా సూది వేసుకునే పెద్దవాళ్లు ఉంటారు, గ్లూకోమీటరు దొరుకుతుంది, ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ సీసా కనిపిస్తుంది. పిల్లిని పెంచేవారికి ఇది పెద్ద వెసులుబాటు. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. అమ్మమ్మగారి ఇన్సులిన్ పిల్లి ఇన్సులిన్ కాదు, అమ్మమ్మగారి సిరంజి పిల్లి సిరంజి కాదు.

షుగర్ ఉన్న పిల్లిని రోజూ ఎలా చూసుకోవాలో మీ డాక్టరు ఇప్పటికే చెప్పి ఉంటారు. ఈ మార్గదర్శి ఆ పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుని, మూల నక్కిన రోజు కోసం. అలాంటి రాత్రి మన బుర్ర సరిగ్గా పనిచేయదు. అందుకే ఆ రాత్రి తీసుకోవాల్సిన నిర్ణయాలలో సగం పిల్లి హాయిగా తిరుగుతున్న రోజునే తీసుకుని, కాగితం మీద పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

1. ముందుగా: కాగితం, డబ్బా

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడిగి, జవాబులు రాయించుకోండి. పిల్లి తినకపోతే ఇన్సులిన్ ఎంత వేయాలి? షుగర్ ఏ అంకె కంటే తక్కువ ఉంటే అసలు వేయకూడదు? రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? ఈ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పిల్లి బరువు, ఇన్సులిన్ పేరు, మోతాదు, వేసే వేళలు కూడా అందులోనే ఉండాలి.

ఒక డబ్బాలో వీటిని సర్దుకోండి: గ్లూకోమీటరు, గడువు తీరని స్ట్రిప్పులు, లాన్సెట్లు, మూత్రంలో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టేవి, ఐదో అంశం చూడండి) చూపే పట్టీల సీసా, గ్లూకోజ్ పొడి, చిన్న తేనె సీసా, సూది లేని 5 మి.లీ. సిరంజి, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు, పెట్రోలియం జెల్లీ, దూది. కీటోన్ పట్టీలకు తేమ పడదు. డెల్టాలో ముసురు పట్టిన రోజుల్లో మూత వదులుగా ఉంటే నెల తిరగకుండానే అవి పనికిరాకుండా పోతాయి. సీసాలో ఉండే తేమ పీల్చే పొట్లాన్ని పారేయకండి.

సిరంజి సంగతి నిదానంగా చదవండి, ఇక్కడ జరిగే పొరపాటు పిల్లి ప్రాణం తీస్తుంది. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది: మి.లీ.కి 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. పిల్లులకు ఎక్కువగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజితో 1 గీత వరకు లాగితే పిల్లి ఒంట్లోకి వెళ్లేది 2.5 యూనిట్లు. నాలుగు కిలోల ప్రాణికి ఒక యూనిట్ ఎక్కువైనా తేడా చేస్తుంది. షాపులో "ఏదైనా ఒకటేనండీ" అని చేతిలో పెడితే తీసుకోకండి, సీసా చూపించి సరిపోయేదే అడగండి.

కరెంటు మాటకొస్తే, 1996 నవంబరు తుపాను నాటి చీకటి రోజులు కోనసీమలో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు, లంక గ్రామాల వాళ్లు బియ్యం, కిరోసిన్‌తో పాటు ఇన్సులిన్ గురించి కూడా ఆలోచించాలి. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఆగిపోతే కొత్త మట్టికుండ చుట్టూ తడి ఇసుక పోసి, సీసాను మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను కుండలో ఉంచండి. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు కానీ ఎండ దెబ్బ నుంచి కాపాడుతుంది. ఐస్ ముక్కలకు నేరుగా తగిలేలా మాత్రం పెట్టవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. వాడుకలో ఉన్న గ్లార్జిన్ సీసాలో ఎప్పుడూ నీళ్లలా తేటగా ఉండాల్సిన మందు మసకబారితే పారేయండి.

2. అనుమానం ఎప్పుడు రావాలి

ఒక్క పూట తిండి మానేయడం మామూలు పిల్లికి పెద్ద విషయం కాకపోవచ్చు. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి అది మొదటి హెచ్చరిక. వండే చేప వాసనకు కూడా లేచి రాకపోతే అప్పుడే మీటరు తీయండి.

రెండుసార్లకు మించి వాంతులు, ఒక్కసారిగా నీరసం, నడకలో తూలడం, నీళ్ల గిన్నె దగ్గరే కూర్చుని తాగకుండా చూస్తూ ఉండటం, నోటి నుంచి మగ్గిన పండు వాసన లేదా గోళ్ల రంగు తుడిచే ద్రవం వాసన, లోతుగా వేగంగా ఊపిరి తీయడం, చెవుల లోపలి చర్మం పసుపు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "రేపు చూద్దాం" అనకూడదు. కీటోన్ల వాసన అందరి ముక్కుకూ తెలియదు, వాసన రాలేదని ధీమా పడకండి.

3. మొదటి పది నిమిషాలు

ముందు షుగర్ చూడండి. చెవి అంచుకు సన్నటి నరం ఉంటుంది. చెవిని అరచేతిలో నిమిషం పాటు పట్టుకుంటే వెచ్చబడి రక్తం దిగుతుంది. అంచు మీద పెట్రోలియం జెల్లీ పలచగా రాయండి, రక్తం బొచ్చులో పాకిపోకుండా పూసలా నిలబడుతుంది. చెవి వెనక మడిచిన దూది పెట్టి, వెలుతురు వైపు తిప్పి, నరానికి కాస్త పక్కగా లాన్సెట్‌తో గుచ్చండి. చుక్కకు స్ట్రిప్పు అంచు తగిలిస్తే అదే పీల్చుకుంటుంది. తరువాత దూదితో అర నిమిషం నొక్కి పట్టండి. బిగించి పట్టుకుంటే పిల్లి మరింత పెనుగులాడుతుంది. తువ్వాలులో వదులుగా చుట్టి ఒళ్లో పెట్టుకుంటే చాలాసార్లు ఊరుకుంటుంది.

మనుషుల మీటరు పిల్లి రక్తంలో అసలు ఉన్నదానికంటే సాధారణంగా కాస్త తక్కువ చూపిస్తుంది. అయినా 70కి దగ్గరగా వస్తే జాగ్రత్తపడాలి, 60కి దిగితే అత్యవసరంగా చూడాలి. రెండో వైపు ఇంకో చిక్కుంది. భయపడిన పిల్లికి షుగర్ దానంతట అదే పెరుగుతుంది. ఒక్కసారి 320 వచ్చిందని మోతాదు పెంచకండి. ఆ అంకెకు అర్థం కీటోన్లు చూసిన తరువాతే తెలుస్తుంది.

అదే సమయంలో ఇంకొన్ని చూడండి. పెదవి ఎత్తి చిగుళ్లు తాకండి, జిగటగా పొడిగా ఉంటే ఒంట్లో నీరు తగ్గింది. మెడ వెనక తోలు పైకి లాగి వదిలితే వెంటనే దిగాలి. పడుకున్నప్పుడు నిమిషానికి ఊపిరి 30 లోపు ఉండాలి. ఒంటి వేడి 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. 99 కంటే దిగితే అది జ్వరం కంటే చెడ్డ సూచన.

4. షుగర్ పడిపోతే

తూలడం, వణుకు, కళ్లపాపలు పెద్దవి కావడం, తిక్కగా అరవడం, ఫిట్స్ రావడం. ఇన్సులిన్ వేసిన కొన్ని గంటల తరువాత ఇలా జరిగితే ముందు షుగర్ పడిపోవడాన్నే అనుమానించండి.

పిల్లి స్పృహలో ఉండి మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే చెంచా గ్లూకోజ్ పొడిని కొద్ది నీళ్లలో కలిపి, లేదా తేనెను, వేలితో చిగుళ్లకు పూయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెంప లోపల, చిగుళ్ల మీద కొంచెం కొంచెంగా దూది పుల్లతో రాయండి. ఫిట్స్ సమయంలో వేలు పళ్ల మధ్య పెట్టవద్దు. మీటరు అందుబాటులో లేకపోతే షుగర్ పడిందనే అనుకుని తేనె రాయండి. పొరపాటున షుగర్ కాసేపు పెరిగినా తట్టుకుంటుంది, పడిపోయిన షుగర్‌ను ఆలస్యంగా పట్టించుకుంటే మెదడు దెబ్బతింటుంది.

పది పదిహేను నిమిషాలకోసారి మళ్లీ చూడండి. లేచి కూర్చుని ఒళ్లు నాకుతోందని ప్రయాణం మానుకోకండి. గ్లార్జిన్ లాంటి మందు ఇంకా కొన్ని గంటలు పనిచేస్తూనే ఉంటుంది, తేనె ప్రభావం అంతసేపు ఉండదు. దారిలోనూ తేనె సీసా చేతికి అందేలా ఉంచుకోండి.

5. షుగర్ ఎక్కువగా ఉంటే: కీటోన్లు

ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లోని కణాలు రక్తంలో ఉన్న చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటాయి. ఆ కరుగుదలలో పుట్టేవే కీటోన్లు. అవి పెరిగితే రక్తం పులుస్తుంది, వాంతులు మొదలవుతాయి, నీరు, పొటాషియం మూత్రంతో పోతాయి. దీన్నే కీటోఅసిడోసిస్ అంటారు. చాలాసార్లు దీని వెనక ఇంకో జబ్బు దాగి ఉంటుంది: క్లోమం వాపు, మూత్రనాళంలో ఇన్ఫెక్షన్, మూత్రపిండాల జబ్బు, కుళ్లిన పన్ను లాంటివి.

పరీక్షకు మూత్రం కావాలి. పెరటి ఇసుకకు అలవాటు పడిన పిల్లి అయితే ఆ రోజు బయటికి వదలకండి. పళ్లెంలో కడిగి ఆరబెట్టిన చిన్న గులకరాళ్లు పోస్తే మూత్రం అడుగున నిలుస్తుంది. గడుసుపిల్లి అయితే కూర్చున్నప్పుడు వెనక నుంచి పొడవు కాడ గరిటె జార్చండి. ఆ గరిటె మళ్లీ వంటింట్లోకి రాకుండా చూసుకునే బాధ్యత మీదే. పట్టీని ముంచి, సీసా మీద రాసిన సెకన్లకే రంగు పోల్చండి. ఆలస్యమైతే రంగు మారిపోతుంది.

రంగు మారి, పిల్లి తినకుండానో వాంతులు చేసుకుంటూనో ఉంటే ఇంట్లో చేయగలిగింది ఇక లేదు, బయలుదేరండి. కొద్దిగా రంగు మారినా పిల్లి బాగానే తింటుంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. రంగు మారకపోయినా పిల్లి నీరసంగా ఉంటే నిశ్చింతగా ఉండకండి. ఈ పట్టీ ఒక రకం కీటోన్‌నే పట్టుకుంటుంది, రక్తంలో ఎక్కువగా పేరుకునే రకాన్ని పట్టుకోలేదు. షుగర్ మాత్రల్లో గ్లిఫ్లోజిన్ రకం వాడుతున్న పిల్లికి ఇంకో హెచ్చరిక: షుగర్ అంకె బాగానే కనిపిస్తూ కీటోన్లు ముదరవచ్చు. ఆ మందు మీద ఉన్న పిల్లి తిండి మానేస్తే మీటరు మాట నమ్మకుండా ఆసుపత్రికి వెళ్లండి.

6. తినడం లేదు, సూది వేయాలా?

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. తినలేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే కీటోన్లకు దారి తెరిచినట్టే. మామూలు మోతాదు వేసేస్తే షుగర్ పడిపోవచ్చు. చాలామంది పశువైద్యులు చెప్పే మధ్యేమార్గం, షుగర్ బాగా ఎక్కువగానే ఉంటే సగం మోతాదు, తక్కువగా ఉంటే వేయకుండా ఆగి రెండు మూడు గంటలకు మళ్లీ చూడటం. మీ పిల్లికి సరిపోయే అంకెలు ఫ్రిజ్ మీది కాగితంలో ఉండాలి. అక్కడ లేకపోతే ఫోన్ చేసి అడగకుండా వేయకండి. ఒకసారి వేశామో లేదో గుర్తు లేకపోతే రెండోసారి వేయకూడదు.

7. తిండి, నీరు, ఇవ్వకూడనివి

పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, అందులోనూ లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే మరో ప్రాణాంతక జబ్బు అవుతుంది. అందుకే షుగర్ పిల్లికి కూడా ఆ రోజున పథ్యం పట్టింపు లేదు, ఏది తింటే అది పెట్టండి. శీలావతి ముక్కో, బొచ్చె ముక్కో ఉప్పు, పసుపు లేకుండా ఉడికించి, ముళ్లు తీసి, గోరువెచ్చగా పెట్టండి. వేడికి వాసన లేస్తుంది, పిల్లికి ఆకలి పుట్టించేది వాసనే. ఉడికించిన నీళ్లను కూడా చల్లార్చి ఇవ్వవచ్చు. పులుసులో చేప మాత్రం వద్దు, అందులో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. ఎండు మెత్తళ్లలో ఉప్పు ఎక్కువ. చెరువు చేపను పచ్చిగా రోజుల తరబడి పెడితే బి1 విటమిన్ లోపం వస్తుంది. పులస సంగతి నన్నడగకండి, ఆ ధరకు మనుషులే వాసన చూసి సరిపెట్టుకుంటున్నారు.

వాంతి చేసుకుంటున్న పిల్లికి సిరంజితో బలవంతంగా పోయవద్దు. నోట్లోది ఊపిరితిత్తుల్లోకి పోవడానికి క్షణం చాలు.

ఒళ్లు వేడిగా ఉందని పారాసెటమాల్ ఇచ్చారంటే పిల్లి చనిపోవచ్చు, చిన్న ముక్క కూడా విషమే. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే షుగర్ మాత్రలు, వాళ్ల 30/70 ఇన్సులిన్ కూడా తాకకూడదు. కాకరకాయ రసం పోయమనే సలహాకు నా దగ్గర మర్యాదగల జవాబు లేదు.

8. ప్రయాణం

పల్లెల్లోని పశువుల ఆసుపత్రిలో గేదెలు, కోళ్లు, మేకలు చూసే డాక్టరే మీకు మొదటి ఆసరా. చిన్నచూపు చూడకండి. సెలైన్ ఎక్కించడం, వాంతికి సూది వేయడం, పెద్ద ఆసుపత్రికి రాసివ్వడం ఆయన చేయగలరు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది కానీ అది ప్రధానంగా పాడిపశువుల కోసం పెట్టినది, పిల్లి అత్యవసరానికి దాని మీదే ఆధారపడకండి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్లలో పెంపుడు జంతువులను చూసే డాక్టర్లలో పిల్లిని రాత్రి ఉంచుకుని సెలైన్ పెట్టేవారు ఎవరో ముందే కనుక్కోండి. పెద్ద పరీక్షలకు ఏలూరు దాటాక గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. పని వేళలు ముందే ఫోన్ చేసి తెలుసుకోండి.

దారి కూడా ముందే అనుకోండి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద దాటడం అలవాటైన వాళ్లకు రాత్రివేళ, వరద రోజుల్లో పంటు ఉండదని వేరే చెప్పక్కర్లేదు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు వైపు పోవాలి, ఆ అదనపు సమయం లెక్కలో వేసుకోండి. పిల్లిని గోనెసంచిలో కట్టకూడదు. మూత ఉన్న గాలి ఆడే బుట్టలో పాత తువ్వాలు పరిచి తీసుకెళ్లండి. ఒళ్లు చల్లబడి ఉంటే గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. వేసవి మధ్యాహ్నమైతే మూసిన కారులో ఒక్క నిమిషం కూడా వదలకండి.

బయలుదేరే ముందు డాక్టరుకు ఇలా సందేశం పంపితే సగం ప్రశ్నలు తప్పుతాయి: "మగ పిల్లి, 9 ఏళ్లు, 4 కిలోలు. గ్లార్జిన్ 1 యూనిట్ ఉదయం 7కి వేశాం, రాత్రిది వేయలేదు. నిన్న సాయంత్రం నుంచి తినలేదు. మూడు వాంతులు. రాత్రి 9కి షుగర్ 428, కీటోన్ పట్టీ ముదురు ఊదా. వేడి 99.1. గంటన్నరలో వస్తాం."

9. ఆసుపత్రిలో అడగాల్సినవి

పిల్లిని చేతికివ్వగానే మొదటి మాట "దీనికి షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద ఉంది" అని చెప్పండి. ఆకలి పుట్టడానికి స్టెరాయిడ్ సూది వేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. స్టెరాయిడ్ షుగర్‌ను ఇంకా పెంచుతుంది, అడిగి తెలుసుకోండి. సెలైన్ సీసా మీద పేరు చదవండి. మొదట్లో కావాల్సింది మామూలు ఉప్పు సెలైన్ లేదా రింగర్ లాక్టేట్ లాంటిది. షుగర్ ఎంతో చూడకుండా డెక్స్‌ట్రోజ్ (చక్కెర కలిసిన) సీసా తగిలిస్తుంటే ఎందుకని అడగండి. చికిత్స సాగి షుగర్ దిగాక, ఇన్సులిన్ కొనసాగించడానికి డాక్టరే డెక్స్‌ట్రోజ్ కలపడం వేరు, అది సరైన పద్ధతి.

కీటోఅసిడోసిస్‌లో ముందు నీరు ఎక్కించి, తరువాత త్వరగా పనిచేసే ఇన్సులిన్‌ను చిన్న మోతాదుల్లో ఇస్తూ షుగర్‌ను మెల్లగా దించుతారు. ఇన్సులిన్ మొదలైతే రక్తంలోని పొటాషియం కణాల్లోకి వెళ్లిపోయి పడిపోతుంది. పిల్లి తల ఎత్తలేక గడ్డం ఛాతీకి వాల్చేస్తే పొటాషియం తగ్గిందని అనుమానించాలి. ఫాస్ఫరస్ కూడా ఇలాగే పడిపోయి రక్తకణాలు పగలవచ్చు. కాబట్టి షుగర్ ఒక్కటే చూసి చేసే చికిత్స చాలదు. పొటాషియం, ఫాస్ఫరస్, క్రియాటినిన్, బిలిరుబిన్, రక్తకణాల లెక్క, మూత్ర పరీక్ష చేయిస్తున్నారా అని అడగండి. ఆసుపత్రిలో యంత్రం లేకపోతే డాక్టరు రాసిచ్చిన చీటీతో ఊళ్లోని ల్యాబుకు రక్తం మీరే పట్టుకెళ్లి ఇవ్వవచ్చు. మళ్లీ మళ్లీ చేయాల్సి వస్తుంది, ఒకసారి చేసి ఊరుకునేవి కావు.

తిండి గొట్టం మాట డాక్టరు ఎత్తితే బెదిరిపోకండి. ముక్కు ద్వారానో మెడ పక్క నుంచో వేసే సన్నని గొట్టంతో తిండి, నీరు, మందులు కుస్తీ పట్టకుండా లోపలికి వెళతాయి. మెడ గొట్టంతో పిల్లులు ఇంట్లో వారాల తరబడి ఉంటాయి, అది ఉండగానే సొంతంగా తినడం కూడా మొదలుపెడతాయి.

ఖర్చు గురించి మొదటి రోజే సూటిగా మాట్లాడండి. ఇది ఒక్క సీసా సెలైన్‌తో పోయేది కాదు, కొన్ని రోజుల వైద్యం. రోజుకు ఎంతవుతుంది, ఏ మార్పు కనిపిస్తే ముందుకు వెళ్లాలి, ఏది కనిపిస్తే ఆపాలి అని అడగడం కఠినత్వం కాదు. మూత్రపిండాలు పూర్తిగా చెడి, నొప్పితో ఉన్న పిల్లికి నిద్రలోనే ముగిసే సూది గురించి డాక్టరు చెబితే అది కూడా వైద్యమే.

10. ఇంటికి వచ్చాక

పాత మోతాదుకు మీ అంతట మీరు వెళ్లకండి. జబ్బు తగ్గితే ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు, కొన్ని పిల్లులకు కొంతకాలానికి అసలు అక్కర్లేకుండా కూడా పోతుంది. అందుకే మొదటి రెండు వారాలు ప్రతి సూదికీ ముందు షుగర్ చూడాలి. కీటోన్ పట్టీ రోజూ ఒకసారి, వారం తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం. ఇంట్లో తూకం లేకపోతే కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టతో సహా తూచి, బుట్ట బరువు తీసేయండి, వారానికోసారి రాసుకోండి.

తిండి కుదుటపడ్డాక పాలన్నం, పెరుగన్నం మెల్లగా మానిపించండి. అన్నం తగ్గి చేప, కోడి మాంసం, పిల్లుల తడి ఆహారం పెరిగే కొద్దీ షుగర్ దిగుతుంది కాబట్టి, ఈ మార్పు కూడా డాక్టరుకు చెప్పే చేయండి. మోతాదు తగ్గించకుండా తిండి మార్చేస్తే నాలుగో అంశంలో చెప్పిన తేనె సీసా అవసరం పడుతుంది. పెళ్లికో తీర్థానికో ఊరెళితే సూది వేయడానికి ఒప్పుకునే మనిషితో ముందే రెండు మూడుసార్లు మీ ఎదుటే వేయించి చూడండి. ఫ్రిజ్ మీది కాగితంలో కొత్త మోతాదు రాసి, పాత అంకెను కొట్టేసి, తేదీ వేయండి.